మూడు వారాల్లో స్టుట్‌గార్ట్ ప్రయాణం: సామాను సంగతి వద్దు, కుదురుకోవడం సంగతి చెప్పండి

కేఆర్‌పురం_కిషోర్

నవంబరు మొదటి వారంలో జర్మనీలోని స్టుట్‌గార్ట్ వెళుతున్నాం. నేను, నా భార్య, ఆరేళ్ళ పాప. బ్లూ కార్డు మీద ఉద్యోగం, అంటే పెద్ద చదువులు చదివిన ఉద్యోగులకు వాళ్ళిచ్చే నివాస అనుమతి.

ఎవరిని సలహా అడిగినా సామాను జాబితా మొదలుపెడుతున్నారు. కుక్కర్లు రెండు ఉండాలి, ఇడ్లీ రేకులు మరిచిపోకు, కందిపొడి అయిదు కిలోలు. మా మేనమామ అయితే చిన్న రోలు ఒకటి పట్టుకెళ్ళమన్నాడు. విమానంలో రోలు! అవన్నీ ఎలాగో సర్దుకుంటాం. పరాయి దేశంలో మనిషి ఎలా కుదురుకుంటాడో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. మొదటి ఆరు నెలల్లో మిమ్మల్ని ఏది ఎక్కువ బాధపెట్టింది? ముందే తెలిసి ఉంటే బాగుండేది అని మీకు అనిపించినది ఏమిటి?

ఊరు మారడం నాకు కొత్త కాదు. ఒంగోలు నుంచి వచ్చి బెంగళూరులో ఎనిమిదేళ్ళు అయింది, ఎక్కడా ఇబ్బంది పడలేదు. అదే ధైర్యంతో ఒప్పుకున్నాను. కానీ పది రోజులుగా తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోంది.

పచ్చడి_సీసా

మన మూడు అంటే అక్కడ రాత్రి పదకొండున్నర. మీకు మెలకువ రావడం కాదు, మీరు ఇంకా పడుకోలేదు. సగం మనిషి అప్పుడే వెళ్ళిపోయాడు.

నెకార్_ఒడ్డున

నేను స్టుట్‌గార్ట్‌లోనే ఐదేళ్ళుగా ఉంటున్నాను. మనసు సంగతి తరవాత. మొదటి నెలలో కాగితాలు సరిగ్గా ఉంటే సగం దిగులు తగ్గుతుంది.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా నగర కార్యాలయంలో పేర్లు నమోదు చేయించుకోవాలి. ఆన్‌మెల్‌డుంగ్ అంటారు. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి, అద్దె ఒప్పందం ఒక్కటే చూపిస్తే కుదరదు. ఆ నమోదు అయ్యాకే పన్ను సంఖ్య పోస్టులో వస్తుంది. కాబట్టి తలుపు దగ్గర పోస్టు డబ్బా మీద మీ ఇంటి పేరు అంటించడం మొదటి రోజు పని. అక్కడ ఫ్లాటు నంబరు చూసి ఉత్తరం వేయరు, పేరు చూసి వేస్తారు. నేను పేరు అంటించకుండా మూడు వారాలు ఎదురుచూశాను. ఉత్తరాలన్నీ వెనక్కి పోయాయి.

ఇంకొకటి. ప్రతి ఇంటికీ రేడియో, టీవీ రుసుము నెలకు 18 యూరోల పైచిలుకు కట్టాలి. టీవీ లేదన్నా కట్టాలి. ఉత్తరం వస్తే మోసం అనుకుని చించేయవద్దు. నాకు తెలిసినవాళ్ళు ఇద్దరు చించారు, బకాయిలన్నీ ఒకేసారి కట్టారు.

లెక్కల_మాస్టారు

అద్దె ఒప్పందం చూసేటప్పుడు రెండు అంకెలు ఉంటాయి. చల్ల అద్దె, వెచ్చ అద్దె. నేను చమత్కారంగా అనడం లేదు, వాళ్ళ మాటలకు అర్థమే అది. వేడి నీళ్ళు, ఇంటిని వెచ్చబెట్టే ఖర్చు, చెత్త ఖర్చు కలిపితే వెచ్చ అద్దె. కరెంటు చాలాసార్లు అందులో కూడా ఉండదు. చాలా ఇళ్ళు వంటగది గట్టు, పొయ్యి లేకుండానే ఇస్తారు. దీపాలు కూడా ఉండవు, పైకప్పు నుంచి తీగలు వేలాడుతుంటాయి.

అడ్వాన్సు మాత్రం చల్ల అద్దెకు మూడు రెట్లు మించకూడదని చట్టం. పది నెలల అడ్వాన్సు కట్టిన బెంగళూరు ప్రాణానికి అది వినసొంపుగా ఉంటుంది. ఇంతకీ కిషోర్ గారూ, ఇక్కడి అడ్వాన్సు వెనక్కి వచ్చిందా? ముందు అది రాబట్టండి. విమానం ఎక్కాక ఏ ఓనరూ ఫోను ఎత్తడు.

కేఆర్‌పురం_కిషోర్

ఇంకా రాలేదు. పెయింటింగ్ పేరు చెప్పి ఒక నెల అద్దె కోస్తానంటున్నాడు. అది వేరే గొడవ.

మల్లేశ్వరం_మూర్తి

"ఎనిమిదేళ్ళు, ఎక్కడా ఇబ్బంది పడలేదు" అన్నారు. కోపం తెచ్చుకోనంటే ఒకటి అడుగుతాను. కన్నడ వచ్చా?

కేఆర్‌పురం_కిషోర్

కొద్దిగా అర్థమవుతుంది మూర్తి గారూ. మాట్లాడే అవసరం పెద్దగా రాలేదు. ఆఫీసులో ఇంగ్లీషు, స్నేహితులతో తెలుగు, బయట హిందీ. దీనికీ జర్మనీకీ ఏమిటి సంబంధం?

మల్లేశ్వరం_మూర్తి

ఉంది కాబట్టే అడిగాను. మా తాత చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. నేను పుట్టింది, చదివింది మల్లేశ్వరంలో. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. ఈ ఊరికి వచ్చిన మనవాళ్ళను నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. మొదట నేర్చుకునే రెండు మాటలు "కన్నడ గొత్తిల్ల", కన్నడ తెలియదని. చాలామందికి ఆఖరివి కూడా అవే. తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపి నుంచి చీలినవి. తెలుగు చదవగలిగినవాడు నెల రోజులు కూర్చుంటే కన్నడ బస్సు బోర్డు చదువుతాడు. ఉగాది ఇద్దరికీ ఒకే రోజు. పప్పు దాదాపు ఒకటే. ఇంత దగ్గర భాషనే ఎనిమిదేళ్ళలో పలకరించని మనిషి, అంత దూరపు జర్మన్‌ను ఆరు నెలల్లో ఎలా పలకరిస్తాడు?

మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు. మీరు ఊరు మారారు గాని పరాయివాడిగా బతికిన అనుభవం మీకు లేదు. ఇక్కడ మీ చుట్టూ ఒంగోలే ఉంది.

రాయచోటి_రఫీ

మూర్తి గారి మాట సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. తెలుగు బస్సు డ్రైవరు, తెలుగు భోజనం హోటలు, తెలుగు పక్కింటివాళ్ళు ఉన్న చోట ఇంకో భాష రాకపోవడాన్ని నేరంగా చూడటం న్యాయం కాదు. అవసరం లేనిచోట నేర్చుకోలేదు. అవసరం ఉన్నచోట నేర్చుకుంటాడు.

నేను మ్యూనిక్‌లో రెండేళ్ళు ఉన్నాను. "మనవాళ్ళతో కలవకు, వాళ్ళతోనే కలువు, అప్పుడే భాష వస్తుంది" అని ఒక పెద్దమనిషి చెబితే అక్షరాలా పాటించాను. మొదటి చలికాలంలో మంచు మీద జారి మణికట్టు విరిగింది. ఒంటి చేత్తో అన్నం వండుకోలేక రొట్టె ముక్కలు తిని పడుకున్న నాలుగో రోజున, కూరగాయల కొట్లో ఒక్కసారి పలకరించిన కడప అతను గిన్నెలో పప్పుచారు తెచ్చాడు. నేను ఏడ్చాను. దాచడం దేనికి? జర్మన్ స్నేహితులు మంచివాళ్ళే, మెసేజి పెట్టారు, "త్వరగా కోలుకో" అన్నారు. పప్పుచారు తెచ్చినవాడు మాత్రం మనవాడే. కాబట్టి కిషోర్ గారూ, ముందు నలుగురు తెలుగువాళ్ళ ఫోను నంబర్లు సంపాదించండి. కన్నడ సంగతి తరవాత చూసుకోవచ్చు.

పచ్చడి_సీసా

సామాను జాబితాలో రాసుకోండి: కడప అతను, ఒకడు.

ఒసాకా_నుంచి_హెబ్బాళ

దేశం వేరు గాని కథ అదే. ఒసాకాలో నాలుగేళ్ళు ఉన్నాను. నన్ను కుంగదీసింది భాష కాదు, నిశ్శబ్దం. రైలు కిక్కిరిసి ఉంటుంది, ఒక్కరూ ఫోనులో మాట్లాడరు. అమ్మ ఫోను చేస్తే ఎత్తి, పెళ్ళిలో దొంగతనం చేసినవాడిలా తలదించుకుని రెండు ముక్కలు చెప్పి పెట్టేసేవాణ్ణి. హెబ్బాళ ఫ్లైఓవరు మీద హారన్ల మధ్య నిలబడి ఆనందించే మనిషి ఈ ఊళ్ళో నేనొక్కడినే అయి ఉంటాను.

జపనీస్‌లో వాక్యం మన తెలుగులాగే క్రియతో ముగుస్తుంది, విభక్తులు కూడా పదం వెనకే వస్తాయి. ఆ ఒక్క విషయంలో ఇంగ్లీషు మీదుగా కాకుండా తెలుగు మీదుగా నేర్చుకున్నవాడికి లాభం.

నెకార్_ఒడ్డున

జర్మన్‌లోనూ మనకు ఒక లాభం ఉంది. వాళ్ళకు నువ్వు, మీరు ఉన్నాయి. డు, జీ. ఎవరిని ఎప్పుడు "మీరు" నుంచి "నువ్వు"కు దించాలో ఇంగ్లీషువాళ్ళకు పుస్తకం పెట్టి నేర్పాలి. మనకు అది అమ్మ పాలతో వచ్చింది. పెద్దవాళ్ళు ముందు "నువ్వు అను" అనేదాకా "మీరు" అనడం, అంతే. ఆఫీసులో మాత్రం చాలా చోట్ల మొదటి రోజు నుంచే నువ్వు.

ఆఫీసులో నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరు. మనం "చూద్దాం" అంటే దాదాపు కాదని. "చేద్దాం" అంటే దేవుడి దయ. అక్కడ నేను ఒక సమావేశంలో మొహమాటానికి "శుక్రవారానికి చేద్దాం" అన్నాను. మా జర్మన్ సహోద్యోగి రాసుకున్నాడు. శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి నా బల్ల దగ్గర నిలబడ్డాడు. నేను పూర్తికాలేదనగానే "సోమవారమే కాదని చెప్పవలసింది కదా" అన్నాడు. తిట్టలేదు, గొంతు పెంచలేదు. ఆ మాటకే వారం రోజులు నిద్ర పట్టలేదు. ఇప్పుడు "కాదు" అనడం వచ్చింది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అత్తగారు ఇంకో గారె వేయబోతే అలాగే "వద్దు" అన్నాను. ఇంట్లో రెండు రోజులు ఎవరూ మాట్లాడలేదు.

తిరిగొచ్చిన_వనజ

ఇప్పటిదాకా మాట్లాడిన అందరూ ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళు. పొద్దున్నే వెళ్ళడానికి ఒక చోటు, కూర్చోవడానికి ఒక కుర్చీ ఉన్నవాళ్ళు. నేను భర్త వెంట వెళ్ళినదాన్ని. ఎస్లింగన్‌లో ఆరేళ్ళు, స్టుట్‌గార్ట్ పక్కనే. 2022లో తిరిగి వైట్‌ఫీల్డ్ వచ్చాం.

మీలాగే నవంబరులోనే దిగాం. మొదటి నెల అంతా కొత్తే, బాగుంటుంది. డిసెంబరు వస్తుంది. సాయంత్రం నాలుగున్నరకు చీకటి. అప్పుడు మన దగ్గర రాత్రి తొమ్మిది. అంటే చీకటి పడి గుండె బరువెక్కే వేళకు అమ్మ పడుకోబోతుంటుంది. "తిన్నావా" అని అడిగి పెట్టేస్తుంది. ఆయన వచ్చేది ఏడింటికి. ఆ రెండున్నర గంటలు ఎలా గడిచేవో నాకు తెలుసు. మీకు ముందే తెలియవలసినది ఏదైనా ఉంటే అదే. సామాను జాబితాలో అది ఉండదు.

ఇక మా మెట్ల కథ. ఆ ప్రాంతంలో కేర్‌వోహె అనే ఆచారం ఉంది. అపార్టుమెంటులో వారానికి ఒక ఇల్లు చొప్పున మెట్లు, వాకిలి ఊడ్చి తుడవాలి. వంతు ఎవరిదో వాళ్ళ తలుపుకు ఒక చిన్న పలక తగిలిస్తారు. మేము దిగిన రెండో వారంలో మా తలుపుకు ఆ పలక వేలాడుతోంది. చక్కగా అచ్చు వేసి ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళకు స్వాగతం కాబోలు అనుకుని మురిసిపోయి తీసుకెళ్ళి దేవుడి గూటి పక్కన గోడకు తగిలించాను.

ఎనిమిది రోజులు గడిచాయి. కింది ఇంటి ముసలావిడ బెల్లు కొట్టింది. ఆమె మాట్లాడేది తరగతిలో నేర్పే జర్మన్ కాదు, ష్వేబిష్ యాస. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిడ వేలు మాత్రం మెట్ల వైపు, తరవాత తలుపు మీద ఖాళీ మేకు వైపు. అప్పుడు నా వెనక గోడ మీద, వినాయకుడి పక్కన, పలక కనిపించింది ఆవిడకు. ఒక నిమిషం చూసింది. తరవాత నవ్వడం మొదలుపెట్టి ఆపలేదు. చీపురు, బకెట్టు ఆవిడే తెచ్చింది. ఇద్దరం కలిసి మూడు అంతస్తులు తుడిచాం. మెట్టుకు ఒక మాట చొప్పున చెప్పింది. మెట్టు, చీపురు, తడి, పొడి, జాగ్రత్త, జారుతుంది.

తరవాత ఆరేళ్ళూ నాకు వచ్చిన జర్మన్‌లో ఎక్కువ భాగం ఆ మెట్ల మీదే వచ్చింది. యాసతో సహా వచ్చింది. మా ఆయన సహోద్యోగి, బెర్లిన్ మనిషి, నా మాట విని ముక్కు మీద వేలు వేసుకున్నాడు.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. రోజంతా మన సీరియళ్ళు, మనవాళ్ళ ఫోన్లు, రాత్రి మన కూర. దేహం ఎస్లింగన్‌లో, మిగతాదంతా రాజమండ్రిలో. రఫీ గారి పప్పుచారు నిజమే. కానీ పప్పుచారు ఒక్కటే ఉంటే ఇంట్లోంచి బయటికి రాము.

కిషోర్ గారూ, మీరు మూడు పేరాలు రాశారు. మీ ఆవిడ ఏమంటున్నారో ఒక్క ముక్క లేదు. అడిగారా?

కేఆర్‌పురం_కిషోర్

ఆమెకు సమ్మతమేనండీ. ఇద్దరం మాట్లాడుకునే నిర్ణయించాం.

పచ్చడి_సీసా

"సమ్మతమే" అన్న మాట చదివితే మా ఇంట్లో గ్యాసు బండ మార్చమన్నప్పటి నా గొంతు గుర్తొచ్చింది.

అడిగితే_చెబుతా

ఆ ఆవిడను నేనే. ఈయన ఫోను మంచం మీద పెట్టి స్నానానికి వెళితే చదివాను, ఇప్పుడే సభ్యత్వం తీసుకున్నాను.

మూర్తి గారు అడిగిన ప్రశ్నకు జవాబు నేను చెబుతాను. ఈయనకు ఎనిమిదేళ్ళలో ఇబ్బంది రాలేదంటే, ఇబ్బంది వచ్చే పనులన్నీ నేను చేశాను కాబట్టి. కరెంటు పోతే లైన్‌మన్‌తో మాట్లాడింది నేను. పాపను బడిలో చేర్చడానికి ఫారాలు నింపింది నేను. నీళ్ళ ట్యాంకరు అతనితో, పూల ఆవిడతో, కింది అంతస్తు వాచ్‌మన్‌తో కన్నడలో మాట్లాడేది నేనే. ఎవరూ నేర్పలేదు, తప్పులు మాట్లాడుతూనే వచ్చింది. ఇల్లు మారిన రోజు అన్నీ ఆలస్యమై నేను కోపంగా ఉంటే, సామాను బండి అతను "స్వల్ప అడ్జస్ట్ మాడి అమ్మా" అన్నాడు. నేను కన్నడలో తిరిగి ఏదో అన్నాను. పెద్దగా నవ్వి రెండు వందలు తగ్గించాడు. అప్పటి నుంచీ ఈ ఊరు నాది అనిపిస్తుంది.

ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కల విభాగంలో ఏడేళ్ళుగా చేస్తున్నాను. రాజీనామా మొన్న ఇచ్చాను. సమ్మతం లేదని కాదు. వెళ్ళాలనే ఉంది. కానీ ఈయనకు అక్కడ కుర్చీ ఉంది, పాపకు బడి బెంచీ ఉంటుంది. నాకు ఏముంటుందో ఎవరైనా సరిగ్గా చెప్పండి. పనికి అనుమతి ఉంటుందా? నేను జర్మన్ పరీక్ష రాయాలా?

నెకార్_ఒడ్డున

బ్లూ కార్డు ఉన్నవారి భార్యకు లేదా భర్తకు వీసా కోసం జర్మన్ పరీక్ష తప్పనిసరి కాదు. ఏ ఉద్యోగమైనా చేసుకునే హక్కు కూడా ఉంటుంది. ఆ విషయంలో దిగులు వద్దు. ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఆయన ఉంటే, మీకు సంపాదన లేనంతకాలం మీరూ పాపా అదనంగా ఏమీ కట్టకుండా అందులోనే ఉంటారు.

కానీ పరీక్ష తప్పనిసరి కాదంటే భాష అక్కర్లేదని కాదు. లెక్కల పని అంటే చట్టం, పన్ను, రసీదులు అన్నీ జర్మన్‌లోనే. ఇందిరానగర్‌లో గోథె ఇన్‌స్టిట్యూట్ ఉంది, బోర్డు మీద మాక్స్ ముల్లర్ భవన్ అని ఉంటుంది. మూడు వారాల్లో ఏమీ రాదు గాని అక్షరాలు, అంకెలు నేర్చుకుని వెళ్ళండి. అంకెలు ముఖ్యం. ఇరవై ఒకటిని వాళ్ళు "ఒకటీ ఇరవై" అంటారు. నాకు ఫోను నంబరు చెబితే ఇప్పటికీ తిప్పి రాసుకుంటాను. అక్కడికి వెళ్ళాక ఫోక్స్‌హోఖ్‌షూలె అని పెద్దల బడి దాదాపు ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది, ఫీజు తక్కువ.

కిషోర్ గారికి కూడా ఒక మాట. శాశ్వత నివాసం బ్లూ కార్డు మీద కొద్దిపాటి జర్మన్ ఉంటే 27 నెలలకు, బీ1 అనే మధ్య స్థాయి ఉంటే 21 నెలలకు అడగవచ్చు. భాషకు అక్కడ నెలల్లో విలువ కడతారు.

తిరిగొచ్చిన_వనజ

అమ్మా, నీ పోస్టు మూడుసార్లు చదివాను. కన్నడ అలా నేర్చుకున్నదానివి, నీ గురించి నాకు బెంగ లేదు. ఆయన గురించే.

ఉద్యోగం వెంటనే దొరుకుతుందని మాత్రం అనుకోవద్దు. నాకు రెండేళ్ళు పట్టింది, అదీ పూటపని. ఒక బడి వంటగదిలో లెక్కలు, సరుకుల చిట్టాలు చూసేదాన్ని. జీతం గొప్పది కాదు. పొద్దున్నే చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళడానికి ఒక కారణం దొరికింది. ఆ రెండేళ్ళలో ఆయన మీద కోపం వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. వస్తుంది. దాచుకోవద్దు.

పాప సంగతి. అక్కడ బడికి పంపడం చట్టం, ఇంట్లో చదివిస్తామంటే ఒప్పుకోరు. జర్మన్ రాని పిల్లలకు ఆ రాష్ట్రంలో విడిగా సన్నాహక తరగతులు ఉంటాయి. మొదటి తరగతిలో చేరే రోజున ప్రతి పిల్లకూ కాగితపు శంకువు నిండా మిఠాయిలు, పెన్సిళ్ళు పోసి ఇస్తారు, పిల్ల ఎత్తులో సగానికి పైగా ఉంటుంది. షూల్‌ట్యూటె అంటారు. మీరు నవంబరులో వెళుతున్నారు కాబట్టి సెప్టెంబరులో జరిగే ఆ పండుగ తప్పిపోయింది. అయినా మీరే ఒకటి చేసి ఇవ్వండి. మా పెద్దదానికి ఇవ్వలేదు. తరగతిలో అందరి ఫొటోల్లోనూ శంకువు ఉంది, దాని ఫొటోలో లేదు. ఇంత పెద్దదైనా ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

పచ్చడి_సీసా

ఆరు నెలల్లో పాప మీ వ్యాకరణం దిద్దుతుంది, సిద్ధంగా ఉండండి. జర్మన్‌లో చెంచా మగ, ఫోర్కు ఆడ, చాకు నపుంసకం. ఎందుకని అడగకూడదు. నేను మూడు నెలలు కోచింగుకు వెళ్ళి అక్కడే ఆగిపోయాను.

మల్లేశ్వరం_మూర్తి

వాళ్ళ భాషలో చిన్నపిల్ల కూడా నపుంసకలింగమే. దానికి ఇంగ్లీషువాళ్ళు ఆశ్చర్యపోతారు. మనం ఆశ్చర్యపోనక్కర్లేదు. "అమ్మాయి వచ్చింది", "బస్సు వచ్చింది" అని ఒకే క్రియ వాడేవాళ్ళం.

అడిగితే_చెబుతా గారూ, మీకు నమస్కారం. నా ప్రశ్న తప్పు మనిషిని అడిగాను.

లెక్కల_మాస్టారు

పిల్లల భత్యం ఉంటుంది, మరిచిపోకుండా దరఖాస్తు పెట్టండి. 2025లో నెలకు 255 యూరోలు. పెళ్ళి ధ్రువపత్రం, పాప జనన ధ్రువపత్రం జర్మన్‌లోకి అనువాదం చేయించి ఉంచుకోండి. పన్ను తరగతి మార్చుకోవడానికీ అవే కావాలి, ఒక్కరి జీతం మీద నడిచే ఇంటికి ఆ మార్పుతో చేతికొచ్చేది బాగా పెరుగుతుంది. ఇక్కడి సేవింగ్స్ ఖాతాలను ఎన్ఆర్ఓగా, అంటే విదేశంలో ఉండేవాళ్ళ ఖాతాలుగా మార్చమని బ్యాంకులో చెప్పి వెళ్ళండి.

కారు నడిపే ఆలోచన ఉంటే, మన లైసెన్సు అక్కడ నివాసం మొదలైన ఆరు నెలల వరకే. తరవాత రాత పరీక్ష, బండి పరీక్ష రెండూ మళ్ళీ పాసవ్వాలి. బెంగళూరు సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో పదేళ్ళు నడిపాననే అర్హత వాళ్ళు గుర్తించరు.

రాయచోటి_రఫీ

సామాను వద్దన్నారు గాని ఒక్కటి చెప్పి తీరాలి. నెయ్యి, పాలతో చేసినవి, మాంసం ఐరోపా దేశాల్లోకి ప్రయాణికుల సంచిలో రానివ్వరు. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు ధ్రువపత్రం లేకుండా కుదరవు. కొబ్బరికాయ, అరటిపండు పరవాలేదు. అమ్మ చేసిన నెయ్యి డబ్బాను నా కళ్ళ ముందే చెత్తబుట్టలో వేశారు. వేసిన అతను దస్తానాలు తొడుక్కుని మరీ వేశాడు. మణికట్టు విరిగినప్పటికన్నా అప్పుడే ఎక్కువ నొప్పి పుట్టింది.

సోనా మసూరి, మునక్కాయలు, కరివేపాకు అక్కడి శ్రీలంక తమిళుల కొట్లలో దొరుకుతాయి. ఆదివారం వెళ్ళవద్దు, ఆదివారం కొట్లు మూత.

అడిగితే_చెబుతా

తాళింపు వేస్తే పొగ అలారం మోగుతుందని మా ఆడపడుచు భయపెడుతోంది. నిజమా?

తిరిగొచ్చిన_వనజ

వంటగది తలుపు వేసి, కిటికీ పూర్తిగా తీసి వెయ్యి. నడవాలోని అలారం దాకా పొగ వెళ్ళకూడదు, అంతే. కిటికీ ఎలాగూ రోజుకు రెండు మూడుసార్లు అయిదేసి నిమిషాలు బార్లా తీయాలి, ఎముకలు కొరికే చలిలో కూడా. లేకపోతే గోడలకు బూజు పడుతుంది, ఆ ఖర్చు మన అడ్వాన్సులోంచే పోతుంది. ఎండుమిరపకాయల తాళింపు మాత్రం వారానికి ఒకసారికి తగ్గించుకున్నాను. కింది ఇంటి ముసలావిడ మొదట దగ్గింది, రెండో ఏడాది గిన్నె పట్టుకుని వచ్చింది.

కేఆర్‌పురం_కిషోర్

రెండు రోజులు ఇటువైపు రాలేదు. మా ఆవిడ రాసింది ఆఫీసు బస్సులో చదివాను. ఇంటికి వెళ్ళాక మాట్లాడుకున్నాం. చాలాసేపు. అదంతా ఇక్కడ రాయను.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పెళ్ళయిన ఈ ఏడేళ్ళలో నేను ఒక్కసారి కూడా గ్యాసు అతనితో మాట్లాడలేదు. నాకు ఆ విషయం తెలియను కూడా తెలియదు. అందుకని ఓనరుతో అడ్వాన్సు గొడవ ఈసారి నేనే తేల్చుకుంటానన్నాను. ఆమె దగ్గర నాలుగు కన్నడ వాక్యాలు రాయించుకుని బట్టీపట్టాను. ఆదివారం వెళతాను.

పచ్చడి_సీసా

వాక్యాలు ఇక్కడ పెట్టండి, మూర్తి గారు దిద్దుతారు.

మల్లేశ్వరం_మూర్తి

దిద్దను. తప్పులతోనే వెళ్ళనివ్వండి.

కేఆర్‌పురం_కిషోర్

వెళ్ళి వచ్చాను. గుమ్మంలోనే నిలబడి మొదటి వాక్యం చెప్పాను. రెండోది మొదలుపెట్టేసరికి చెమట పట్టింది. ఆయన కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, నేను నాలుగో వాక్యం వరకూ వచ్చేదాకా ఓపికగా విన్నాడు. విని, తెలుగులో అన్నాడు:

"కూర్చోండి బాబూ. మాదీ తెలుగు ఇల్లే. మా ముత్తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్నాం. మీరు ఇన్నేళ్ళుగా నాతో హిందీలో మాట్లాడుతుంటే, మీకు తెలుగు రాదేమో అనుకున్నాను. మీ ఆవిడ నాతో తెలుగులోనే మాట్లాడుతుంది."

ఇంటికి వచ్చి అడిగాను. "నువ్వు ఎప్పుడూ అడగలేదు" అంది.

రాయచోటి_రఫీ

మరి పెయింటింగ్ కోత?

కేఆర్‌పురం_కిషోర్

తగ్గించలేదు. తెలుగులో ఒకసారి, కన్నడలో ఒకసారి కుదరదన్నాడు. మా ఆవిడ రేపు వెళుతోంది.